తుమ్మమెరక మీద గద్దలు

సారిక భీమవరంలో రొయ్య పిల్లలకు తెగులు ఉందో లేదో పరీక్ష చేసి చెప్పే ల్యాబులో పనిచేస్తుంది. వయసు ముప్పై మూడు. వారంలో ఆరు రోజులు రైతులు పాలిథిన్ సంచుల్లో తెచ్చే పిల్లల్ని పరీక్ష చేయడం ఉద్యోగం. ఏడో రోజు కెమెరా, బైనాక్యులర్లు స్కూటీలో పెట్టుకుని కొల్లేటి వైపో, మొగల్తూరు కాలువ గట్ల వెంటో తిరిగి పక్షుల్ని చూడటం ఆమె ఇష్టం.

రాజోలు దగ్గర బడిలో పనిచేసే జ్ఞానప్రకాశం మాస్టారు నాలుగేళ్ళ క్రితం వాట్సాప్‌లో ‘గోదావరి పిట్టలు’ అని ఒక గ్రూపు పెట్టారు. ఇప్పుడందులో రెండు వందల మందికి పైనే ఉన్నారు. ఎవరికి ఏ పక్షి తెలియకపోయినా ఫొటో అందులో పెడతారు. చెట్టు మీద వాలిన పిట్టయితే పదిమంది పోటీపడి పేరు చెబుతారు. ఆకాశంలో ఎక్కడో రెక్కలు చాచి తిరిగే పెద్ద పక్షి, ఫొటోలో ఆవగింజంత మచ్చగా పడినదైతే మాత్రం అందరూ సారిక కోసం ఎదురుచూస్తారు. రంగు కనిపించకపోయినా, ముక్కు కనిపించకపోయినా ఆమెకు ఫరవాలేదు. రెక్క ఎక్కడ వంగింది, తోక ఎలా విప్పింది, పైకి ఎలా లేస్తోంది అన్నవి చూసి పేరు చెప్పేస్తుంది. ఒకసారి పాలకొల్లు కుర్రవాడొకడు పెట్టిన చుక్కలాంటి ఫొటో చూసి చేపల డేగ అంది. అందరూ నవ్వారు. వారం తర్వాత అదే చెరువు మీద అదే పక్షి చేపను పట్టుకుని ఎగురుతుండగా ఇంకొకరు దగ్గర నుంచి తీశారు. అప్పటి నుంచి ఆమె మాటకు ఎదురు లేదు. ఆ గౌరవం ఆమెకు బాగానే ఉండేది.

ఆగస్టులో వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంకలు మునిగాయి. ఆ వారం గ్రూపులో పక్షుల ఫొటోలు తగ్గి, నీళ్ళ ఫొటోలు ఎక్కువయ్యాయి.

ఆదివారం ఉదయం పదిన్నరకు మాస్టారు నాలుగు ఫొటోలు పెట్టారు. బూడిద రంగు ఆకాశం, కింద ఎర్రటి నీళ్ళు, నీళ్ళ మధ్య చెట్లున్న చిన్న దిబ్బ, దాని పైన నల్లటి మచ్చలు. ‘సారికా, ఇవేంటో కొంచెం తొందరగా చెప్పమ్మా’ అని రాశారు.

సారిక తల దువ్వుకుంటూ చూసింది. ఒక ఫొటోలో తోక చివర చీలిక కనిపించింది. రెక్కలు మణికట్టు దగ్గర వంగి ఉన్నాయి. నాలుగు ఫొటోలూ వరసగా చూస్తే మచ్చలు గుండ్రంగా పైకి లేవడం లేదు, ఒక్కొక్కటి దిబ్బ మీదకు జారుతున్నాయి. దువ్వెన పక్కన పెట్టి టైపు చేసింది.

‘నల్ల గద్దలు. ఏడు ఉన్నాయి. తోక చీలిక చూడండి. ఒక్కొక్కటి కిందకి దిగుతోంది, కాబట్టి కింద కళేబరం ఉండి ఉంటుంది.’

ఎవరో చప్పట్ల బొమ్మ పెట్టారు. ఇంకొకరు ‘సూపర్ మేడం’ అన్నారు.

రెండు నిమిషాలకు మాస్టారు ఫోన్ చేశారు. ఆయన గొంతు ఎప్పటిలా లేదు.

“నాదే తప్పమ్మా. నీకు ముందు చెప్పాల్సింది. నేనిప్పుడు పొన్నలంక గట్టు మీదున్నాను. ఇక్కడ చిట్టియ్య అని ఒకతను, గురువారం గేదెల్ని ఒడ్డుకు తేవడానికి పడవ మీద వెళ్ళేడు. ముగ్గురెళ్ళేరు. వస్తుంటే పడవ తిరగబడింది. ఇద్దరు ఈదుకుంటూ వచ్చేరు. చిట్టియ్య గేదెల పలుపులు పట్టుకుని ఉన్నాడంట, వదల్లేదంట. ఇవాళ్టికి నాలుగో రోజు. ఆ దిబ్బని తుమ్మమెరక అంటారు. వీళ్ళ గట్టుకి కిలోమీటరున్నర ఉంటుంది. పొద్దున్నుంచి దాని మీద పక్షులు తిరుగుతున్నాయి. రాబందులని కొందరు, కొంగలని కొందరు. చిట్టియ్య తమ్ముడు అశోక్ ఫొటోలు తీసి నాకు పంపేడు. నువ్వు రాసింది నేను చూసేలోపే ఎవరో వాళ్ళకి చదివి వినిపించేశారు.”

అంతలో అవతల ఫోన్ చేతులు మారింది.

“మేడంగారండి, నేను నాగదుర్గనండి. చిట్టియ్యగారి ఇంటావిణ్ణండి. కింద కళేబరం ఉందన్నారంటండి.”

“అవునండి... అంటే, ఉండొచ్చు అన్నానండి.”

“మనిషిదాండి, పశువుదాండి?”

“పక్షిని చూసి అది చెప్పలేమండి.”

“మీరు చూస్తే చెప్పేస్తారంట కదండి. మాస్టారుగారు చెప్పేరు. ఎంత దూరంలో ఉన్నా చెప్పేస్తారంట.” ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడవటానికి ముందు ఉండే వణుకు ఉంది. “ఇంకోసారి చూడండి మేడంగారు. మీకు పుణ్యముంటది.”

“చూస్తానండి. మళ్ళీ చూసి చెబుతాను” అని సారిక ఫోన్ పెట్టేసింది.

ల్యాప్‌టాప్ తెరిచి ఫొటోలను పెద్దవి చేసింది. పెద్దవి చేసేకొద్దీ పక్షులు పక్షుల్లా లేకుండా పోయాయి. ఫోన్ కెమెరాతో అంత దూరానిది తీస్తే, కెమెరా తనకు కనిపించని చోటంతా నున్నగా పూసేస్తుంది. ఇందాక స్పష్టంగా కనిపించిన తోక చీలిక ఇప్పుడు ఒకసారి ఉన్నట్టుంది, ఒకసారి లేనట్టుంది.

పన్నెండు గంటలకు అశోక్ నేరుగా ఆమె నంబరుకు ఇంకో తొమ్మిది ఫొటోలు పంపాడు. ఇవి ముందువాటి కంటే మసకగా ఉన్నాయి. ఎండ ఎక్కి నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. అన్నం తినమని తల్లి జానకీదేవి రెండుసార్లు పిలిచినా సారిక లేవలేదు. ఒక ఫొటోలో ఒక మచ్చకు ముందు సన్నగా గీతలాంటిది ఉంది. మెడ కావచ్చు. వెనక ఇంకో గీత. కాళ్ళు కావచ్చు. మెడ ముందుకు, కాళ్ళు వెనక్కు చాచి ఎగిరేది కొంగ. డెల్టాలో నత్తగుల్ల కొంగలకు కొదవలేదు. ఎండ పడగానే వేడి గాలిలో గుంపుగా గుండ్రంగా పైకి లేస్తాయి. దూరం నుంచి చూసినవాళ్ళు రాబందులని పొరబడతారు. ఈ సంగతి గ్రూపులో ఆమే ఎన్నోసార్లు రాసింది. కొంగలకు కళేబరంతో పని లేదు. నత్తలు తిని బతుకుతాయి.

అవి కొంగలైతే బావుండునని ఆమె ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు. అనుకున్నాక మాత్రం పదమూడు ఫొటోల్లోనూ అక్కడొక మెడ, ఇక్కడొక కాలు కనిపించసాగాయి.

ఒంటిగంటన్నరకు అశోక్ ఫోన్ చేశాడు. వెనక మోటారు చప్పుడు.

“మేడంగారండి, వెతకడానికి సర్కారు బోటు వచ్చిందండి. రెండు చోట్లకీ పోలేమంటున్నారు, ప్రవాహం ఎక్కువుందంట, సాయంత్రం మళ్ళీ నీళ్ళు వదులుతారంట. అంతర్వేది వైపు పాయలో ఎవరో చొక్కా కొట్టుకుపోతుంటే చూసేరంట. ఇటేమో ఈ మెరక. అవి గద్దలైతే మెరకకి పోదామంటున్నారు. కొంగలైతే కిందకి పోదామంటున్నారు. ఏంటండి అవి?”

“అశోక్‌గారూ, ఇంత దూరం ఫొటోలు చూసి ఖాయంగా...”

“ఏదోటి చెప్పండి. ఇంజను వేసే ఉంది.”

అతని పక్కన నాగదుర్గ ఉందని సారికకు అర్థమైంది. ఆమె ఊపిరి వినిపిస్తోంది.

“కొంగలనిపిస్తోందండి” అంది సారిక.

“పొద్దున్న గద్దలన్నారు కదండి.”

“పొద్దున్న తొందరపడ్డాను.”

“ఖాయమేనాండి?”

“ఆ.”

ఫోన్ పెట్టేసే ముందు నాగదుర్గ గొంతు గట్టుమీద ఉన్నవాళ్ళకు గట్టిగా చెప్పడం వినిపించింది. “కొంగలంటండి! కొంగలంట! అక్కడ ఏం లేదంట!”

బోటు అంతర్వేది వైపు వెళ్ళింది. చొక్కా అనుకున్నది ఎన్నికలప్పటి ఫ్లెక్సీ ముక్క. చీకటి పడక ముందే వాళ్ళు తిరిగొచ్చేశారు. ఆ రాత్రి నీళ్ళు మళ్ళీ పెరిగాయి. సోమవారం బోటు దిగలేదు. ల్యాబులో సారిక ఒకే సంచిలోని రొయ్య పిల్లలకు రెండుసార్లు పరీక్ష చేసి, రెండుసార్లూ ఫలితం రాయడం మర్చిపోయింది. పక్క బల్ల దగ్గర పనిచేసే భవ్య చూసి, “రేపు రాకు, నేను చూసుకుంటాలే” అంది.

మంగళవారం పొద్దున్నే సారిక స్కూటీ మీద చించినాడ వంతెన దాటి పొన్నలంక చేరింది. మాస్టారు గట్టు దగ్గర ఎదురొచ్చారు. నీళ్ళు ఒక మూర తీశాయి. అరటి తోటలు బురదలో ఒరిగి ఉన్నాయి. గట్టు మీద టార్పాలిన్ల కింద మంచాలు, గిన్నెలు, కట్టేసిన దూడలు. నాగదుర్గ నీళ్ళకు దగ్గరగా ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి. సారికను చూసి లేచి నిలబడింది.

“మీరాండి? ఇంత దూరం వచ్చేరా? టీ తాగేరాండి?” అని ఎవరినో పిలిచి స్టీలు గ్లాసులో టీ తెప్పించింది. సారిక ఆ టీ తాగక తప్పలేదు.

పది గంటలకు ఎండ పడింది. తుమ్మమెరక మీద పక్షులు లేచాయి. సారిక బైనాక్యులర్లు కళ్ళకు పెట్టుకుంది. చూడటానికి పెద్ద సమయం పట్టలేదు. మట్టి రంగు ఒళ్ళు, చీలిన తోక, ఆ తోకను చుక్కానిలా అటూ ఇటూ తిప్పడం. మొత్తం పదకొండు. చిన్న పిల్లవాడైనా పోల్చుకునేంత తేటగా ఉన్నాయి. ఆమె బైనాక్యులర్లు దించలేదు. దించితే చెప్పాలి.

“కొంగలేనాండి?” అంది నాగదుర్గ పక్కనుంచి.

“కాదండి. గద్దలు.”

కాషాయం రంగు జాకెట్టు వేసుకున్న బోటు పెద్ద ఆమెను ఏమీ అడగలేదు. అశోక్ వైపు తిరిగి, “ఎక్కవయ్యా” అన్నాడు.

వాళ్ళు వెళ్ళి వచ్చేసరికి పన్నెండు దాటింది. బోటు ఒడ్డుకు వస్తుండగానే ఖాళీగా ఉందని కనిపించింది. అశోక్ దిగి సారిక వైపు చూడకుండా వదిన దగ్గరకు వెళ్ళాడు.

“అన్నయ్య లేడు వదినా. మెరకంతా తిరిగేం. మన గేదెలు రెండున్నాయి. ఒకటి కొమ్మల్లో చిక్కుకుని ఎప్పుడో చచ్చిపోయింది. రెండోది...” అతను ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు. “రెండోదీ చచ్చిపోయింది, కానీ తుమ్మచెట్టుకి కట్టేసి ఉంది.”

“కట్టేసి ఉందా?” అన్నారు మాస్టారు.

అశోక్ ఫోన్ తీసి చూపించాడు. తుమ్మ మొదలుకు నైలాన్ పలుపు. రెండు చుట్లు, కింద ముడి. “ఈ ముడి మా అన్నదేనండి. రెండు చుట్లు తిప్పి కింద నుంచి లాగుతాడు. మా ఇంట్లో ఇంకెవరం అలా వెయ్యం.”

బోటు పెద్ద జాకెట్టు విప్పుతూ అడ్డుపడ్డాడు. “వరదలో తాళ్ళు వాటంతటవే చుట్టుకుంటాయి. ఇలాంటివి చాలా చూశాం. ముడి కూడా పడుతుంది. ఆ తాడు చూసుకుని ఆశలు పెట్టుకోవద్దమ్మా.”

“వాటంతటవే ముడి పడుతుందాండి?” అన్నాడు అశోక్.

“పడుతుంది.”

అశోక్ ఆ రోజు మొదటిసారి సారిక ముఖంలోకి చూశాడు. ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. “మీరు చూడండి మేడంగారు. మీకు ఫొటోలు తెలుసు కదా.”

సారిక చూసింది. ఫొటో మూరెడు దూరం నుంచి తీసింది. పలుపు పోగులు, వాటి మధ్య ఇరుక్కున్న గడ్డి, చెట్టు బెరడు మీద చీమలు కూడా కనిపిస్తున్నాయి. ఇంత తేటైన ఫొటో ఆమెకు ఎవరూ ఎప్పుడూ పంపలేదు. ఎంతసేపు చూసినా అది మనిషి వేసిన ముడో, నీళ్ళు వేసిన ముడో ఆమెకు తెలియలేదు.

“నాకు తెలియడం లేదండి” అంది.

నాగదుర్గ బోటు పెద్దను అడిగింది. “కట్టేసిన గేదె ఎప్పుడు చచ్చిందండి?”

“రెండోది అంత పాతది కాదమ్మా. ఆదివారం రాత్రి నీళ్ళు పెరిగినప్పుడు మునిగి ఉంటుంది. కట్టు తెంచుకోలేక.”

“అయితే ఆదివారం పగలు అది బతికే ఉందన్నమాట.”

ఆమె సారిక వైపు తిరిగింది.

“ఆదివారం ఆ గద్దలు చచ్చిపోయిన మొదటి గేదె కోసం తిరిగేయి కదండి? మా ఆయన కోసం కాదు కదండి?”

“కాదనుకుంటానండి.”

“అయితే కట్టినాయన కూడా అప్పటికి బతికే ఉండుంటాడు. ఆ చెట్ల కింద కూర్చుని మావైపు చూస్తూ ఉండుంటాడు. ఆయ్, కదండి?”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఆరు రోజులుగా లేని వెలుగు వచ్చింది. సారిక సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. దాచుకునే ఓపిక ఆమెకు లేకపోయింది.

“నాగదుర్గగారూ, ఆదివారం నేను గద్దలని చెప్పి ఉంటే బోటు ఇక్కడికే వచ్చి ఉండేది. పొద్దున్న గద్దలని తెలిసే రాశాను. మధ్యాహ్నం మార్చి చెప్పాను. కొంగల్లా కనిపించాయని మార్చలేదండి. మీ గొంతు విన్నాక కొంగలైతే బావుండుననిపించింది. అంతే.”

మాస్టారు తల దించుకున్నారు. అశోక్ నీళ్ళ వైపు నడిచి వెళ్ళిపోయాడు. తిడుతుందేమో, తిడితే బావుండుననుకుంది సారిక. నాగదుర్గ ఆమె పక్కన కూర్చుంది. చాలాసేపు మెరక వైపే చూసింది. గద్దలు ఒక్కొక్కటే దిగుతున్నాయి.

“నేనే కదండి ఇంకోసారి చూడమన్నాను” అంది చివరకు. “ముందు చెప్పింది నాకు నచ్చలేదు. అందుకని మళ్ళీ చూడమన్నాను. మీరేం చేస్తారండి.”

తొమ్మిదో రోజు వెతకడం ఆపేశారు. అంతర్వేది దాకా పాయ రెండు వైపులా చూశారు. చిట్టియ్య ఎక్కడా కనిపించలేదు. చనిపోయాడని చెప్పడానికి శవం లేదు. బతికున్నాడని చెప్పడానికి ఒక పలుపు ముడి ఉంది. పొన్నలంకలో కొందరు ముడి పక్షం, కొందరు నీళ్ళ పక్షం. అశోక్ ఇంకోసారి వెళ్ళి ఆ పలుపు కోసి తెద్దామనుకున్నాడు. అప్పటికి నది ఆ చెట్టునే తీసుకుపోయింది.

సారిక గ్రూపులోంచి బయటకు వచ్చేసింది. మాస్టారు మళ్ళీ చేర్చబోలేదు. ఆదివారాలు ఇంట్లోనే ఉంటోంది. చెరువు గట్టు మీద వెళ్తుంటే నెత్తిమీద ఏదైనా నీడ తిరిగినా తల ఎత్తదు.

సెప్టెంబరు మధ్యలో నాగదుర్గ నంబరు నుంచి మొదటి ఫొటో వచ్చింది. నది, ఆకాశం, రెండు మచ్చలు. ‘ఇవి ఏంటండి’ అని రాసి ఉంది. సారిక పెద్దది చేసి, పావుగంట చూసి, ‘బ్రాహ్మణ గద్దలు, తల తెల్లగా ఉంది చూడండి, చేపల కోసం తిరుగుతున్నాయి’ అని రాసింది. ‘సరేనండి’ అని జవాబు వచ్చింది. మూడు రోజులకు ఇంకొకటి. ఆ తర్వాత దాదాపు రోజూ. ఏ పక్షి ఎక్కడ గుండ్రంగా తిరిగినా నాగదుర్గ గట్టు మీద నుంచి ఫొటో తీసి పంపేది. గూడబాతులు, కొంగలు, గద్దలు. గద్దలని సారిక రాస్తే నాగదుర్గ ఏదో ఒక పడవ బతిమాలుకుని అక్కడికి వెళ్ళి చూసి వచ్చేది. కుక్క, చేపల చెత్త, ఒకసారి ఏమీ లేదు. ఆమె వెళ్ళకుండా ఉండటానికి కొంగలని రాయాలని సారిక వేళ్ళు ఎన్నిసార్లో అనుకున్నాయి. రాయలేదు.

కార్తీకంలో అశోక్ ఫోన్ చేశాడు. ఆగస్టు తర్వాత అతను మాట్లాడటం అదే మొదలు.

“మేడంగారండి, పెద్దవాళ్ళు కర్మ చేసేద్దామంటున్నారండి. మనిషి దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి కాలుస్తారంట. వదిన ఒప్పుకోట్లేదు. మా మాట వినట్లేదు. మీ మాటయితే వింటదండి. ఆయన లేడని మీరొక్కసారి చెప్పండి.”

“నేనెలా చెప్పగలనండి?”

“మీకు తెలియదాండి?”

“తెలియదు అశోక్‌గారూ.”

“ఎవరికీ తెలియదండి. కానీ ఎవరో ఒకరు చెప్పాలి కదండి” అన్నాడు. ఉంటానండి అని అతనే పెట్టేశాడు.

ఆ శనివారం అశోక్ ఒక్కడే రేవులో కూర్చుని కర్మ చేశాడు. ఆ సంగతి మాస్టారు చెప్పారు. నాగదుర్గ ఇంట్లోంచి బయటకు రాలేదట. కర్మ ముగిసి అందరూ భోజనాలకు కూర్చున్నాక ఫోన్ పట్టుకుని గట్టు మీదకు వెళ్ళిందట.

మధ్యాహ్నం మూడు గంటలకు ల్యాబులో ఉండగా సారికకు ఫొటో వచ్చింది. చాలా దూరం నుంచి తీసింది. ఆకాశం తెల్లగా వెలుగుతోంది. అందులో పదీ పదిహేను చుక్కలు. వాటిలో తోక లేదు, మెడ లేదు, రెక్క వంపు లేదు. సారిక తెరను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. భవ్యకు కూడా చూపించింది. తర్వాత రాసింది.

‘ఇవేంటో తెలియడం లేదండి. చాలా దూరంగా ఉన్నాయి.’

కాసేపటికి జవాబు వచ్చింది.

‘పర్లేదండి. రేపు ఇంకొంచెం దగ్గర్నుంచి తీస్తాను.’